వంక దాటి మా ఊరికి రండి: ఉమ్మడి చిత్తూరు జిల్లా ప్రజాప్రతినిధులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులకు, శాసనసభ్యులకు, మంత్రివర్యులకు, అన్ని పార్టీల నియోజకవర్గ బాధ్యులకు

నమస్కారాలు.

నేను ముప్పై రెండేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు చెప్పి రిటైరైన ఉపాధ్యాయుడిని. రెండున్నర ఎకరాల తోతాపురి మామిడి తోట ఉంది, రెండు ఆవులు ఉన్నాయి. చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లే పెద్ద రోడ్డు దిగి ఏడు కిలోమీటర్లు లోపలికి వస్తే మా ఊరు. మీలో కొందరికి నేను ఓటు వేశాను, కొందరికి వేయలేదు. ఈ లేఖ మాత్రం అందరికీ. ఇందులో చెప్పబోయే కష్టాలు రెండు ప్రభుత్వాల కాలంలోనూ మేము పడ్డవి, పడుతున్నవి.

2021 నవంబరు వర్షాలు మీకు గుర్తుండే ఉంటాయి. తిరుపతి వీధులు ఏరులయ్యాయి. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనన్న భయంతో చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ వానకే మా ఊరి వంక మీది కల్వర్టు కొట్టుకుపోయింది. మూడు తూములు, వాటి మీద పదడుగుల వెడల్పు సిమెంటు దిమ్మ, అంతే. పత్రికలో వేసేంత పెద్ద వార్త కాదు. నాలుగేళ్లు దాటింది. ఆ మూడు తూములూ ఇంకా వంకలో అడ్డదిడ్డంగా పడే ఉన్నాయి. వాటి సందుల్లో తుమ్మ మొలిచి చెట్టయింది.

ఈ నాలుగేళ్లలో నేను ఆరు అర్జీలు ఇచ్చాను. మొదటి రెండూ ఇచ్చేనాటికి ఆ కార్యక్రమం పేరు స్పందన. 2023లో జగనన్నకు చెబుదాం అన్నారు, అప్పుడొకటి ఇచ్చాను. 2024లో ప్రభుత్వం మారాక ప్రజా సమస్యల పరిష్కార వేదిక అయింది, అక్కడ మూడు ఇచ్చాను. పేరు ఏదైనా రోజు సోమవారమే, వరుస అదే, రసీదు అదే. మొదటి అర్జీకి ‘నిధులు మంజూరైన వెంటనే పని చేపడతాం’ అని జవాబు వచ్చింది. తర్వాత రోడ్డు చూసే శాఖ, వంక నీటిపారుదల వాళ్లదని రాసింది. ఆ శాఖ, వంక తమదే అయినా దాని మీది కట్టడం తమది కాదని రాసింది. మా సర్పంచి గారు పంచాయతీ ఖాతాలో వీధి దీపాలకే డబ్బు చాలడం లేదని పుస్తకం తెరిచి చూపించారు. ఆయన అబద్ధం చెప్పలేదు. అయిదో అర్జీకి నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది: ‘మీ సమస్య పరిష్కరించబడింది.’ ఆ సందేశం మోగినప్పుడు నేను వంకలోనే ఉన్నాను. ఒక చేతిలో చెప్పులు, ఒక చేతిలో చేతికర్ర, మోకాళ్ల దాకా నీళ్లు.

ఆ సమస్య పరిష్కారమైందని రాసిన అధికారి ఎవరో నాకు తెలియదు. తెలిసినా ఇక్కడ పేరు రాయను. ఆయన చూడకుండా రాశారు, దాన్ని పై అధికారి చూడకుండా ఒప్పుకున్నారు, పరిష్కారమైన అర్జీల లెక్కలో అది కూడా కలిసి మీ సమీక్షా సమావేశానికి వచ్చింది. ఆ లెక్క చూసి మీరు సంతోషించి ఉంటారు. నా బాధ అక్కడే. కాగితం మీద మా ఊరు సుఖంగా ఉంది. మీకు తెలిసిన ఊరు ఆ కాగితం మీది ఊరు.

దీనివల్ల మామూలు మనుషులు ఏం పోగొట్టుకుంటున్నారో వరుసగా మనవి చేస్తాను.

1. పాల సంగతి. మా ఊళ్లో దాదాపు ప్రతి ఇంటికీ ఒకటో రెండో ఆవులు ఉన్నాయి. వానలు ముఖం చాటేసిన ఏళ్లలో ఈ జిల్లా పల్లెలను నిలబెట్టింది పాడి. కల్వర్టు ఉన్నప్పుడు పాల బండి ఊరి నడుమకు వచ్చేది. ఇప్పుడు అవతలి ఒడ్డునే ఆగుతుంది. ఉదయం ఏడు గంటలకు వచ్చి పది నిమిషాలు నిలుస్తుంది. ఆడవాళ్లు నాలుగున్నరకే లేచి పాలు పితికి, క్యాను నెత్తిన పెట్టుకుని వంక దాటాలి. అడుగున పాచి పట్టిన బండలు. కిందటి అక్టోబరులో మా వీధి చివర ఉండే ఆమె జారిపడింది. పాలు పోయాయి, మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుని నలభై రోజులు ఇంట్లో కూర్చుంది. ఆ నలభై రోజులూ ఆమె పన్నెండేళ్ల కూతురు క్యాను మోసింది. బడికి రోజూ రెండో పీరియడ్‌కు వచ్చేది. హాజరు పట్టీలో ఆ అమ్మాయి పేరు పక్కన ఆలస్యం అని ఉంది తప్ప ఎందుకన్నది లేదు.

2. బడి సంగతి. ఉన్నత పాఠశాల అవతలి ఒడ్డున ఉంది. పిల్లలు బూట్ల తాళ్లు ముడివేసి మెడలో వేసుకుని, పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని దాటుతారు. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా వంక పారుతుంది. అలాంటి రోజుల్లో పెద్దవాళ్లు తాడు పట్టుకుని నిలబడతారు. ఎనిమిదో తరగతి తర్వాత ఇద్దరు ఆడపిల్లలను ఈ కారణంతోనే మాన్పించారు. నేను రెండు ఇళ్లకూ వెళ్లి బతిమాలాను. ‘అయ్యవారూ, మీరు రోజూ తాడు పట్టుకుంటారా’ అని ఒక తండ్రి అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

3. బస్సు సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఇది మంచి పని, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. మా ఇంటావిడ మొన్న చిత్తూరు వెళ్లివచ్చి, మిగిలిన డబ్బుతో మనవరాలికి గాజులు తెచ్చింది. కానీ బస్సు మా ఊరికి రాదు. అవతలి ఒడ్డున తిప్పుకుని పోతుంది, అదీ రోజుకు రెండు సార్లు. ముసలివాళ్లు, నిండు గర్భిణులు ముందు వంక దాటితేనే ఆ సౌకర్యం. కిందటేడు ఒక రాత్రి నొప్పులు వచ్చిన అమ్మాయిని నలుగురు మగవాళ్లు నులక మంచం మీద మోసి అటువైపు ఆగిన 108 దాకా చేర్చారు. తల్లీ బిడ్డా క్షేమం. ఆ రాత్రి వంకలో నీళ్లు తక్కువగా ఉన్నాయి, అందువల్ల.

4. మామిడి సంగతి. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ జిల్లా బయట ఉండి పాలన చేసేవారికి తోతాపురి అంటే ఏమిటో సరిగా తెలియదని నా అనుమానం.

తోతాపురి ఇంట్లో కోసుకు తినే రకం కాదు, ఎక్కువ భాగం గుజ్జు ఫ్యాక్టరీలకే పోవాలి. కాయ జూన్, జూలైలో జిల్లా అంతటా ఒక్కసారే పక్వానికి వస్తుంది. కోశాక దాచుకోలేం. కాబట్టి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎంత అంటే అంతే. 2025 సీజనులో గుజ్జు నిల్వలు పేరుకుపోయాయని ఫ్యాక్టరీలు కొనడం తగ్గించాయి. ప్రభుత్వం కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలని, తాను 4 రూపాయలు కలుపుతానని ప్రకటించింది. వెరసి 12. ప్రకటన చదివి మా ఊరు ఊపిరి పీల్చుకుంది.

నేను ట్రాక్టరు కట్టుకుని ఒక ఫ్యాక్టరీ ముందు వరుసలో మూడు రాత్రులు ఉన్నాను. కిలోమీటరుకు పైగా బండ్లు. మూడో రోజుకు అడుగు కాయలు మెత్తబడి రసం కారి, ట్రాలీ కింద ఈగలు ముసిరాయి. నా ముందు బండి కుర్రవాడు సగం కాయలు రోడ్డు పక్క గుంతలో పోసి ఏడుస్తూ వెనక్కి తిప్పుకున్నాడు. నా వంతు వచ్చేసరికి గేటు దగ్గర చెప్పిన ధర 5 రూపాయలు. ‘ఎనిమిది అన్నారు కదా’ అంటే ‘అయితే వాళ్లకే అమ్ముకోండి’ అన్నారు. ప్రభుత్వం ఇచ్చిన 4 రూపాయలు తర్వాత నా ఖాతాలో పడ్డాయి, ఆ మాట కూడా చెప్పాలి. కానీ కౌలుకు తోట చేసిన మా పక్కింటి అతనికి పడలేదు. పొలం అతని పేరున లేదు కాబట్టి. కోత కూలి, బండి బాడుగ, మూడు రోజుల నిరీక్షణకు ట్రాక్టరు అద్దె కలిపితే అతనికి మిగిలింది అప్పు.

ఆ జూలైలో నాయకులు చాలామంది మామిడి రైతు కోసం వచ్చారు. బంగారుపాళ్యం మార్కెట్ యార్డు పేరు రాష్ట్రమంతా మోగింది. ఆ వారం ఒక పక్షం ఎంత జనం వచ్చారో చెప్పింది, ఇంకో పక్షం ఎంత జనాన్ని తరలించారో చెప్పింది. రోడ్డు మీద కాయలు పారబోసింది ఎవరన్న దాని మీద మాటల యుద్ధం నడిచింది. గేటు దగ్గర అయిదు రూపాయలకే ఎందుకు కొంటున్నారని ఫ్యాక్టరీని నిలదీసినవారు నా కంటికి ఒక్కరూ కనిపించలేదు. మరో నెలలో మళ్లీ పూత వస్తుంది. వచ్చే జూన్‌లో ధర ఎంతో ఈ రోజుకూ ఎవరూ చెప్పలేదు.

5. భూమి సంగతి. రీసర్వే 2020 డిసెంబరులో మొదలైంది. మా ఊళ్లో అది జరిగాక ఒకే ఎల్పీఎం నంబరు (ల్యాండ్ పార్సెల్ మ్యాప్, అంటే పొలం పటానికి ఇచ్చే కొత్త నంబరు) కింద నలుగురి పేర్లు పడ్డాయి. వారిలో ఒకామె భర్త చనిపోయిన మనిషి. ఎకరా పది సెంట్లు ఆమె జీవనాధారం. ఆ నంబరు విడగొడితే తప్ప బ్యాంకు పంట రుణం ఇవ్వదు. విడగొట్టాలంటే మిగతా ముగ్గురూ రావాలి. వారిలో ఒకరు బెంగళూరులో, ఒకరు చెన్నైలో. ఆమె మండల ఆఫీసుకు పదకొండు సార్లు వెళ్లింది. వెళ్లిన ప్రతిసారీ కూలి పోయింది. అర్జీ రాసిచ్చేవారికి, జిరాక్సులకు ఖర్చు వేరు. ఇప్పుడు ఆ కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి దేవుడి పటం వెనక దాచింది. చదువు రాదు. ఏది ముఖ్యమో తెలియక ఒక్క రసీదు కూడా పారేయలేదు.

6. తిరుపతి సంగతి క్లుప్తంగా చెబుతాను. మా ఇంటావిడను నెలకొకసారి అక్కడ డాక్టరుకు చూపించాలి. ప్రముఖులెవరో దర్శనానికి వచ్చారని కిందటి నెల రోడ్డు మీద ఆటోలన్నీ ఆపేశారు. ముప్పావు గంట. మా ఆటో వెనక ఒక అంబులెన్సు కూడా ఆగింది. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడ్డవారిలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. వాళ్లు సిఫార్సు లేఖ లేని మనుషులు.

సిఫార్సు లేఖ అంటే గుర్తొచ్చింది. మా పల్లెల్లో ఎమ్మెల్యే గారి లేఖ అంటే దర్శనం లేఖ అనే అర్థం స్థిరపడిపోయింది. మీ ఇంటి ముందు ఉదయం నిలబడేవారిని ఒకసారి పరికించి చూడండి. దర్శనం కావాలి, బదిలీ కావాలి, బిల్లు పాస్ కావాలి, కొడుక్కి ఉద్యోగం కావాలి. తప్పని నేను అనను, ఎవరి అవసరం వారిది. కానీ మీకు రోజూ కనిపించేవారంతా మీ దగ్గర సొంత పని ఉన్నవారు. వాళ్లు మీకు నచ్చని మాట చెప్పరు, చెబితే పని చెడుతుంది. క్యాను మోసే ఆమె మీ ఇంటి ముందుకు రాదు. వస్తే ఆ పూట పాలు పోతాయి. రాష్ట్రంలో ఒక్కో శాసనసభ్యుడికి సగటున రెండు లక్షల ముప్పై వేలకు పైగా ఓటర్లు. అందరినీ మీరు కలవలేరని నాకూ తెలుసు. కానీ కలిసే కొద్దిమందిని మీరు ఎంచుకోవడం లేదు, మీ చుట్టూ ఉన్నవారు ఎంచుతున్నారు. మీకు, మాకు నడుమ దూరం ఎక్కడ మొదలైందని నన్ను అడిగితే నేను చూపించేది ఆ గుమ్మాన్నే.

ఈ జిల్లా రాష్ట్రానికి ఇద్దరు ముఖ్యమంత్రులను ఇచ్చింది. ఉమ్మడి జిల్లాలో పద్నాలుగు నియోజకవర్గాలు. పెద్ద పదవుల్లో మా జిల్లావారు లేని రోజులు తక్కువ. మీలో చాలామంది పల్లెల్లో పుట్టి, ఇలాంటి వంకలే దాటి చదువుకున్నవారు. నా చేతి కింద చదివినవారు మీ ఆఫీసుల్లో కూడా ఉన్నారు. అందుకే చనువు తీసుకుని అడుగుతున్నాను.

మొదట మా కల్వర్టు. ఈ నెలాఖరులోగా ఇంజనీరు వచ్చి వంకను చూడాలి. ఎంత ఖర్చు, ఏ శాఖ, ఏ తేదీకి పూర్తి అన్నది మా ఊరి సచివాలయం గోడకు అంటించాలి. వచ్చే నవంబరు వానలకు ముందు పిల్లలు బూట్లు వేసుకుని దాటాలి. 2021 వరదల్లో కొట్టుకుపోయి ఇంకా కట్టని కల్వర్టులు జిల్లాలో ఎన్ని ఉన్నాయో మండలాల వారీగా జాబితా ప్రకటించండి. మాది ఒక్కటే అని నేను అనుకోవడం లేదు.

అర్జీ ఇచ్చినవారు సంతకం పెట్టకుండా ఆ అర్జీ పరిష్కారమైనట్టు రాయకూడదు. రోడ్డు, నీరు, భూమి వంటి విషయాల్లో అధికారి ఆ చోటికి వెళ్లి తీసిన ఫొటో, తేదీ తప్పనిసరి చేయాలి. చూడకుండా మూసిన ప్రతి అర్జీకీ జవాబుదారీ ఎవరో రాతలో ఉండాలి. సమీక్షల్లో మీరు పరిష్కారమైనవి ఎన్ని అని అడగడం తగ్గించి, పరిష్కారమైనట్టు రాసిన వాటిలోంచి ఓ పది తీసి, ఆ పదిమందికి మీరే ఫోను చేయండి. అరగంట పని.

గ్రామసభ సంగతి. రాజ్యాంగానికి 73వ సవరణ జరిగినప్పుడే గ్రామసభకు చోటు దక్కింది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు సభలు పెట్టారు. ఆ రోజు మా ఊళ్లో చెట్టు కింద కూర్చుని జనం మాట్లాడిన తీరు చూసి నేను చాలా సంతోషించాను. కల్వర్టును మొదటి పనిగా రాయించాం. ఆ తీర్మానం ఇప్పుడు ఎక్కడుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. తీర్మానం రాసిన తర్వాతి సభలో ముందటి తీర్మానానికి ఏమైందో చదివి వినిపించడం నియమం చేయండి. మీరు నెలకు ఒక ఊరి సభకు రండి. వేదిక, శాలువా, ఫ్లెక్సీ వద్దు. ముందురోజు చెబితే చాలు, చాప మేము వేస్తాం.

మామిడికి ధర కాయ కోతకు రాకముందే, మే మొదటి వారంలోగా తేలాలి. ఫ్యాక్టరీలతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. చెప్పిన ధరకు తక్కువ ఇస్తే రైతు అక్కడికక్కడే ఫిర్యాదు చేసేలా ప్రతి గేటు దగ్గర సీజను పొడుగునా ఒక అధికారిని కూర్చోబెట్టాలి. తేదీ వేసిన టోకెన్లు ముందే ఇస్తే రోడ్డు మీద మూడు రాత్రుల జాగారం తప్పుతుంది. కౌలు రైతుకు సాయం అందే దారి ఈ సీజనుకే వెతకాలి. జాయింటు ఎల్పీఎంలను విడగొట్టే పనికి ఊరికే వచ్చి, మూడు రోజులు ఇక్కడే ఉండి తేల్చే బృందాలను పంపండి.

ఇంకొకటి, ఇది మీ మనసుకు సంబంధించినది. మీ వాహన శ్రేణి కోసం అంబులెన్సును ఆపవద్దని మీరే నోటితో చెప్పాలి, పోలీసులు తమంతట తాము ఆ ధైర్యం చేయలేరు. రెండు నెలలకొకసారి, ఫొటోగ్రాఫరు లేకుండా, పల్లెవెలుగు బస్సెక్కి మీ నియోజకవర్గంలో ఒక చివరి ఊరికి వెళ్లి రండి. తిరుమల వచ్చినప్పుడు ఒక్కసారి సర్వదర్శనం క్యూలో నిలబడండి. పక్కన నిలబడ్డ మనిషి మీరెవరో గుర్తుపట్టేలోపు చెప్పే మాటలు మీ సమీక్షా సమావేశంలో ఎవరూ చెప్పరు.

ఏడో అర్జీ రాసి పెట్టుకున్నాను. దాని మీద మా ఊళ్లో నూట నలభై మంది సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. దాన్ని సోమవారం వరుసలో ఇవ్వదలచుకోలేదు. మీలో ఎవరైనా వంక ఒడ్డుకు వస్తే అక్కడే చేతికి ఇస్తాం.

పెద్ద రోడ్డు మీద చింతచెట్ల స్టాపు దగ్గర ఎడమకు తిరగండి. ఏడు కిలోమీటర్లు. ఉదయం ఏడు గంటల లోపు చేరుకుంటే పాల క్యాన్లు దాటడం, ఎనిమిదిన్నర దాకా ఉంటే పిల్లలు దాటడం చూడవచ్చు. కారు అవతలి ఒడ్డునే ఆపాలి. అక్కడి నుంచి నేను మీ చేయి పట్టుకుని దాటిస్తాను, అడుగు ఎక్కడ వేయాలో నాకు తెలుసు.

ఇట్లు
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, మామిడి రైతు
చిత్తూరు జిల్లా